మూడు తాళాల పులిహోర

చిలకదుర్గం ఏలే జయకేసరి మహారాజుకు ఒకనాడు పొద్దున్నే ఒక ఆలోచన వచ్చింది. నేతపేటవాళ్ల తాటాకు పుస్తకానికి మంచి చోటు చూడాలని. అడిగినవాళ్లెవరూ లేరు. రాజుగారికి తోచింది, అంతే.

ఆ పుస్తకం ఏ ఒక్కరో రాసింది కాదు. పేటలోకి కొత్తరకం మగ్గాలు వచ్చాక, అవి ఎక్కడ మొరాయిస్తాయో, ఎలా దారికొస్తాయో ఎవరికి తెలిసింది వాళ్లు రాస్తూ వచ్చారు. తప్పు కనబడితే ఎవరైనా గంటం తీసి దిద్దుతారు.

"నా గ్రంథాలయంలో పెట్టండి ప్రభూ!" అన్నాడు నిండు సభలో గ్రంథపాలకుడు సర్వజ్ఞశర్మ. ఆ పేరు ఆయనకు ఆయనే పెట్టుకున్నాడు. "గంధపు పెట్టె, పట్టుగుడ్డ, మూడు తాళాలు. అక్షరం దిద్దాలన్నా నాకు అర్జీ పెట్టాలి. మంచిరోజు చూసి పరిశీలిస్తాను."

మూడు తాళాలు అనగానే రాజుగారు మురిసిపోయారు.

అక్కడే ఉన్న నేతపేట పెద్ద కన్నమ్మ మాత్రం బెదిరిపోయింది. రాజుగారిని నవ్వించే కొలువులో ఉన్న తిప్పన్న దగ్గరికొచ్చి గొణిగింది.

"అయ్యా, మగ్గం మీద పడుగు దారం తెగిన ప్రతిసారీ మంచిరోజు కోసం కూర్చుంటే మా మగ్గాలు మూలపడతాయి. పిల్లలు పస్తులుంటారు. ఏదో ఒకటి చెయ్యవయ్యా!"

తిప్పన్నకు ఒళ్లు మండింది. అయినా నవ్వుమొహంతోనే లేచాడు.

"భేషైన చోటు ప్రభూ! కాకపోతే ముందు మన వంటింటి పుస్తకాన్ని రెండ్రోజులు అక్కడ ఉంచి చూద్దాం."

రోజూ భోజనం కాగానే రాజుగారు సణగడం, ఆ సణుగుడు ప్రకారం వంటపెద్ద ఓబులు కొలతలు దిద్దుకోవడం ముప్పై ఏళ్ల ఆచారం. ఆ పుస్తకం మూడు తాళాల వెనక్కి వెళ్లింది. శర్మ ఛాతీ రెండింతలైంది.

ఆ సాయంత్రమే వంటింటికి కొత్త ఉప్పు బస్తా వచ్చింది. ఓబులు రుచి చూసి గ్రంథాలయానికి పరుగెత్తాడు.

"శర్మగారూ, ఇది మామూలు ఉప్పు కాదు. చిటికెడు వేస్తే గుప్పెడు వేసినట్టుంది. కొలత దిద్దాలండీ!"

"అర్జీ రాసుకో. ఇవాళ మంగళవారం. రేపు అష్టమి. ఎల్లుండి చూస్తాను. అందాకా రాసినట్టే వండు. గీత దాటావో, నీ కొలువు ఊడుతుంది!"

మర్నాడు మధ్యాహ్నం తిప్పన్న కన్నమ్మనూ భోజనాల బంతికి పిలిపించి, పనిగట్టుకుని శర్మను రాజుగారి పక్క విస్తరి ముందు కూర్చోబెట్టించాడు. పులిహోర వడ్డించారు. రాజుగారు ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయారు. మింగలేరు, ఉమ్మలేరు. శర్మ అది గమనించలేదు. నిమ్మకాయంత ముద్ద లోపలికి తోశాడు.

శర్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మో, ఉప్పు! నీళ్లు! ఒరేయ్ ఓబులూ, ఆ కొలత దిద్దరా! ఇప్పుడే, ఈ క్షణమే!"

తిప్పన్న చేతులు కట్టుకుని వినయంగా వంగాడు.

"అర్జీ రాసుకోండి శర్మగారూ. ఇవాళ అష్టమి."

బంతి బంతంతా గొల్లుమంది. రాజుగారు చెంబెడు నీళ్లు తాగి, పొట్ట పట్టుకుని నవ్వారు.

"కన్నమ్మా, మీ పుస్తకం మీ మగ్గాల మధ్యనే ఉండనీ. తాళం వద్దు. పక్కనే గంటం వేలాడదీయండి!"

కన్నమ్మ కళ్లొత్తుకుంది.

"ఇదంతా నీ పనేగా తిప్పన్నా! ఇంతకీ ఆ ఉప్పు ఎక్కడిదయ్యా?" అన్నారు రాజుగారు.

"మా అత్తారి ఊరిది ప్రభూ. అక్కడ మాటలూ అంతే, చిటికెడు చాలు."

రాజుగారు మళ్లీ పగలబడి నవ్వి, చేతి కంకణం తీసి తిప్పన్నకు తొడిగారు.