పిలిస్తే వచ్చినవాళ్లు

మద్దిలేటి ధ్యానంలో కూర్చోలేకపోతున్నాడు. కళ్లు మూస్తే పుల్లయ్య విరిగిన చెయ్యే కనబడుతోంది.

పశువుల సంతలో పెత్తనమంతా ఇప్పుడు ఒక ముఠాది. ఎక్కడో దూరపు ఊరి నుంచి వచ్చారు. వాళ్లను అడగకుండా ఎద్దు కొనకూడదు, అమ్మకూడదు. ప్రతి బేరంలో వాళ్ల వాటా వాళ్లకు పడాల్సిందే. ఊరి రైతు పుల్లయ్య అడగకుండా ఒక కోడెను అమ్ముకున్నాడు. సంత నడిమధ్యన, అందరూ చూస్తుండగా అతని కుడిచెయ్యి విరిచారు. చూసినవాళ్లలో ఒక్కరూ నోరు మెదపలేదు.

మద్దిలేటి లేచి గురువు దగ్గరికి వెళ్లాడు. గురువు జమాల్ సాయెబు, ఊరి బయట చిన్న పాకలో ఉండే ముసలి ఫకీరు. పాత కంబళికి మాసిక వేసుకుంటున్నాడు.

"సామీ, వాళ్లకు ఊరు లేదా, సంత లేదా? మా ఊరి మీదే ఏంటికి పడినారు? మేమేం పాపం చేసినాం?"

సాయెబు సూదిని కంబళికే గుచ్చి పక్కన పెట్టాడు. "నన్నడిగితే నాకేం తెలుస్తాది? పా, వాళ్లనే అడుగుదాం."

మద్దిలేటి సంత మొహం చూసి ఏడాది దాటింది. అంతకుముందు అక్కడ అతనిదే చివరి మాట. తుండు కింద వేళ్లు పట్టుకుని ధర కుదుర్చుకునే బేరాలవి. కాగితం ఉండదు, సాక్షి ఉండడు. తర్వాత తగవొస్తే రెండు పక్షాలూ మద్దిలేటి దగ్గరికే వచ్చేవి. ఒకరోజు అతనికి ఇదంతా మురికి అనిపించింది. ఎద్దుల తగవుల్లో పడి దేవుణ్ని పోగొట్టుకుంటున్నాననుకున్నాడు. ఇక సంతలో కాలు పెట్టనని పాకకు వచ్చేశాడు. సాయెబు అప్పుడు రమ్మననూ లేదు, పొమ్మననూ లేదు. అంత పరువును వదిలేయగలిగానని మద్దిలేటికి లోలోపల కాస్త గర్వం మాత్రం మిగిలింది.

సంతలో ముఠా నాయకుడు సూరప్ప నులకమంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. సాయెబు వెళ్లి అతని ముందు నేల మీద కూర్చున్నాడు. మద్దిలేటి వెనకే నిలబడ్డాడు. సూరప్ప గబుక్కున లేచి మంచం చూపించాడు. ఫకీరంటే వాడికీ భయమే.

"పర్వాలేదు నాయనా. ఒక మాట అడిగిపోదామని వచ్చినా. మా ఊరికి ఏంటికొచ్చినారు?"

సూరప్ప నవ్వాడు. "రావాలని రాలేదు తాతా. మా ఊళ్లో పోలీసులు తరిమినారు. ముందు ఇంకో సంతకు పోయినాం. ఆడ మజ్జిగ అమ్ముకునే ముసలామె ఒకామె ఉండాది. ఎవరికి తగవొచ్చినా ఆమె దగ్గరికే పోతారు, ఆమె మాటే ఇంటారు. మమ్మల్ని పలకరించినోడు లేడు. తిండికి మాడిపోయి లేచొచ్చినాం."

"ఈడ?"

"ఈడ మొదటి సంతలోనే పిలిచినారు. ఆ పుల్లయ్యే పిలిచినాడు. వాడు కొన్న ఎద్దు మెడ మీద కాడి పెట్టంగానే పడుకుంటాందంట. అమ్మినోడు వెనక్కి తీసుకోనన్నాడు. మేం పోయి అడిగినాం, తీసుకున్నాడు. ఆ పై వారం ఇంకొకడు పిలిచినాడు."

"ఊళ్లో పెద్దమనుషులు లేకనా?"

"ఎవరో ఒకాయన ఉండేవాడంట. పుల్లయ్య ఆయన చుట్టూ రెండు మూడు తూర్లు తిరిగినాడంట. నాకివన్నీ పట్టవు పొమ్మన్నాడంట."

మద్దిలేటి ఎవరో సూరప్పకు తెలియదు. అతనికీ ఒక టీ తెప్పించాడు.

మద్దిలేటి ఆ గ్లాసు పట్టుకుని నిలబడిపోయాడు. పుల్లయ్య పాక ముందు ఎండలో నిలబడి బతిమాలిన రోజు గుర్తొచ్చింది. ఆ రోజు తను కళ్లు తెరవకుండానే పొమ్మన్నాడు.

అంతలో అవతల ఇద్దరు రైతులు ఒకే ఆవు పలుపు పట్టుకుని గుంజుకోసాగారు. మద్దిలేటి గ్లాసు కింద పెట్టి వాళ్ల దగ్గరికి నడిచాడు.

"ఏమైంది? నాతో చెప్పండి."

ఇద్దరూ అతన్ని గుర్తుపట్టారు. ఒకడు దండం కూడా పెట్టాడు. కానీ ఇద్దరి చూపులూ అతని భుజం మీదుగా వెనక్కి పోయాయి. సూరప్ప టీ ముగించి తీరిగ్గా వస్తున్నాడు. రైతులు మద్దిలేటిని కాస్త పక్కకు జరగమని, సూరప్పకు చెప్పుకోవడం మొదలుపెట్టారు.

సాయెబు లేచి దుమ్ము దులుపుకుని పాక దారి పట్టాడు. మద్దిలేటి తల వంచుకుని వెనకాలే నడిచాడు. సంత దాటాక సాయెబు ఆగి వెనక్కి చూశాడు.

"నువ్వు యాడికి?"

మద్దిలేటి సంత వైపు వెనక్కి తిరిగాడు.

సంత చివర పుల్లయ్య, విరిగిన చేతికి కట్టుతో, ఎడమచేత్తో పలుపు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఉన్న ఒక్క ఎద్దునూ అమ్ముకుందామని వచ్చాడు. దాన్ని బేరమాడే ధైర్యం ఎవరికీ లేదు. మద్దిలేటి వెళ్లి అతని పక్కన దుమ్ములో కూర్చున్నాడు. పుల్లయ్య మొహం తిప్పుకున్నాడు. లేచి మాత్రం పోలేదు.

సంత ముగిసేదాకా వాళ్లతో ఎవరూ మాట్లాడలేదు. పై వారం కూడా మద్దిలేటి వచ్చి అక్కడే కూర్చున్నాడు. తగవు చెప్పుకోడానికి ఎవరూ రాలేదు.