వీణకు ఎన్ని తీగలు?

పాలమెట్ట ఊళ్ళో గుంపస్వామి మాస్టారని ఒక పెద్దమనిషి ఉండేవారు. ఆయనకు తెలియని సంగతంటూ లేదుగానీ, తన నోటుబుక్కులో కూడా తప్పు ఉండొచ్చన్న ఒక్క సంగతి మాత్రం తెలియదు.

ఆ నోటుబుక్కు ముప్పై ఏళ్ళ కష్టం. పురాణాలు, పద్యాలు, నగరాలు, సంగీతం, చివరికి హోటళ్ళలో వాడే తిండి మాటలు కూడా ప్రశ్న, జవాబు కింద రాసి పెట్టుకున్నారు. ఏటా గ్రంథాలయ వారోత్సవాలు రాగానే దాన్ని చంకన పెట్టుకుని వచ్చి పోటీ నడిపేవారు. ఆయన గొంతు సవరించుకుని ప్రశ్న వేస్తుంటే వినడమే ఒక ముచ్చట. అందుకోసమే పక్క ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. ఎవరైనా "అది కాదేమో మాస్టారూ" అని నసిగితే, "నా పుస్తకంలో ఉంది, కూర్చో" అనేవారు. వాళ్ళు కూర్చునేవాళ్ళు.

ఒక ఏడు ఆడవాళ్ళకు పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళకు ఒకేసారి ఐదు పుస్తకాలు ఇంటికి తీసుకెళ్ళే కార్డు ఇస్తామన్నారు. ఆ మాట విని, మూడు మైళ్ళ అవతల వీణలు చేసే పల్లె నుంచి ఎర్నమ్మ వచ్చింది. చదివింది నాలుగో తరగతి. నలుగురిలో నోరు విప్పని మనిషి. కానీ ఇంటి దగ్గర మొగుడూ మరిదీ పనస కర్ర చెక్కుతుంటే, పక్కన కూర్చుని పుస్తకం పైకి చదివి వినిపించేది. ఒక్కొక్క పుస్తకం రెండ్రోజుల్లో అయిపోయేది. మళ్ళీ ఇంకోదాని కోసం మూడు మైళ్ళు నడవాలి. ఒక్కోసారి నడవడానికి తీరికే ఉండేది కాదు, ఆ వారమంతా వాళ్ళకు కథ ఉండేది కాదు. "ఆ కార్డు నాకొస్తే ఎంత బాగుణ్ణు" అనుకుంటూ, గుండె చిక్కబట్టుకుని పోటీ బెంచీ మీద కూర్చుంది.

ఒక్కొక్కరే తప్పుకుంటూ వచ్చారు. చివరికి హైస్కూలు టీచరు రమణకుమారి, ఎర్నమ్మ ఇద్దరే మిగిలారు.

"పాలసముద్రంలోంచి పుట్టిన ఏనుగు పేరేమిటి?"

"ఐరావతం" అంది టీచరు.

"పద్యంలో ప్రాస ఎన్నో అక్షరానికి చూస్తారు?"

"రెండో అక్షరానికండీ" అంది ఎర్నమ్మ, చీర కొంగు చూసుకుంటూ.

"జంటనగరాలని వేటినంటారు?"

"హైదరాబాదు, సికింద్రాబాదు" అంది టీచరు.

"హోటల్లో ఎమ్మెల్యే పెసరట్టు అడిగితే ఏం తెస్తారమ్మా?"

"పెసరట్టు కడుపులో ఉప్మా పెట్టి తెస్తారండి."

"ఎమ్మెల్యే కదా, ఖాళీ కడుపుతో ఎందుకొస్తాడు!" అని వెనక నుంచి ఎవరో అన్నారు. జనం విరగబడి నవ్వారు. మాస్టారు కూడా నవ్వి, నాలుగో తరగతి చదివిన ఈమెకు ఇన్ని ఎలా తెలిశాయా అని మనసులోనే మెచ్చుకున్నారు.

ఇద్దరూ సమానంగా ఉన్నారు. ఇంక ఆఖరి ప్రశ్న.

"ఎర్నమ్మా, వీణకు ఎన్ని తీగలు?"

ఎర్నమ్మ మొహం వెలిగింది. "ఏడండీ."

మాస్టారు పుస్తకంలోకి చూసి తల అడ్డంగా ఊపారు. "తప్పు. టీచరుగారూ, మీరు చెప్పండి."

"నాలుగు" అంది రమణకుమారి.

"భేష్! నాలుగు. కార్డు టీచరుగారిది."

చప్పట్లు మోగాయి. ముందు వరసలో ఒకాయన, "వీణలు చేసే ఇంటి కోడలికే తెలియకపోతే ఎలాగయ్యా" అని వెక్కిరించాడు. ఎర్నమ్మ కళ్ళలో నీళ్ళు కనబడకుండా తల వంచుకుని లేచింది. పక్కనున్నావిడ, "పోనీలే వదినా" అని చెయ్యి పట్టుకుంది.

"ఏం లేదు వదినా" అంది ఎర్నమ్మ మెల్లిగా. "రేపట్నుంచి వీణకు తీగలు చుట్టే బిరడాలు మూడు తగ్గించి చెక్కమని మా ఆయనకు చెబుతాను. తీగలే లేనప్పుడు అవి దేనికి?"

ముందున్న మైకు ఇంకా ఆపలేదు. ఆ మాట హాలంతా వినబడి జనం గొల్లున నవ్వారు. ఎర్నమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

మాస్టారికి మాత్రం నవ్వు రాలేదు. ఆ జవాబు తను ఎలా రాసుకున్నదీ అప్పుడు గుర్తొచ్చింది. ఎప్పుడో ఒక పుస్తకంలో వీణ బొమ్మ చూసి, అందులో కనబడిన తీగలు లెక్కపెట్టుకున్నారు. అంతే. వీణలు చేసే పల్లె మూడు మైళ్ళ దూరంలో ఉండగా, ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా వెళ్ళి చూడలేదు. అడిగిన ప్రతిసారీ నాలుగనే చెప్పించారు, చప్పట్లు కొట్టించారు. ఇప్పుడు నోరు విప్పితే ఊరంతా ఏమనుకుంటుంది? ఊరుకుంటే అడిగేవాడు ఎవడూ లేడు. ఎర్నమ్మ అప్పటికే గుమ్మం దాకా వెళ్ళిపోయింది.

"అమ్మా ఎర్నమ్మా, ఆగు!" అన్నారు మాస్టారు. "నాకు తెలియక అడుగుతున్నాను. బొమ్మ చూసి నాలుగని రాసుకున్నాను. ఏడు ఎలాగో చెప్పు తల్లీ."

మాస్టారి నోట "తెలియక" అన్న మాట ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఎర్నమ్మ గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "మెట్ల మీదుగా పోయేవి నాలుగండీ. పాట వాటి మీద పలికిస్తారు. తాళం వెయ్యడానికి పక్కన ఇంకో మూడు ఉంటాయి. బొమ్మలో అవి కనబడవు. వీణ ఒళ్ళో పెట్టుకుంటే చిటికెన వేలికి తగులుతాయి."

మాస్టారు కలం తీసి, అందరూ చూస్తుండగా నాలుగు కొట్టేసి ఏడు అని రాశారు. "ఇన్నాళ్ళూ మీ అందరికీ తప్పు చెప్పాను. మన్నించండి" అని చేతులు జోడించారు.

రమణకుమారి కూడా లేచింది. "నేనూ వీణ చూసి చెప్పలేదండీ, ఏటా మీరు చెప్పేది విని చెప్పాను" అంటూ కార్డు తీసుకెళ్ళి ఎర్నమ్మ చేతిలో పెట్టింది. ఎర్నమ్మ అప్పటికప్పుడే అల్మరా దగ్గరికి వెళ్ళి ఐదు పుస్తకాలు ఏరుకుంది.

ఊళ్ళో తన పరువు పోతుందని మాస్టారు భయపడ్డారు గదా, జరిగింది వేరు. "మాస్టారు చెప్పారంటే సరిచూసుకునే చెబుతారు" అని జనం అంతకుముందుకన్నా ఎక్కువ గౌరవించారు. ఆయన కూడా ప్రతి ప్రశ్న తర్వాత, "వేరే జవాబు ఉన్నవాళ్ళు చెయ్యెత్తండి" అని అడగడం మొదలుపెట్టారు.

నీతి: ఎంత తెలిసినవారికైనా పొరపాటు జరుగుతుంది, పదిమందిలో దాన్ని ఒప్పుకుని, తెలిసినవారు చిన్నవారైనా సరే వారి దగ్గర నేర్చుకున్నవారే నిజంగా పెద్దవారు.