తలుపు దగ్గర సాక్షి

ఏ రాజు కాలమోగానీ, చాపలల్లే నూకాలు ఇంటిస్థలం మీద ఆస్థాన శకున పండితుడు భైరవభట్టు కన్ను పడింది. పిల్లి భాష తనకొచ్చంటూ, ఆమెను పిలిపించి, ఆమె పిల్లినే బుట్టలో పెట్టించి సభకు తెప్పించాడు. బుట్ట తెరవగానే అది మూసిన తలుపు దగ్గరికెళ్లి ఒకటే అరుపు.

"విన్నారా ప్రభూ! ఆ ఇంట్లో కీడుందట, స్థలం నాకప్పగించాలట!" అన్నాడు భట్టు.

పుట్టి పెరిగిన ఇల్లు పోయేలా ఉందని నూకాలుకు అర్థమైంది. అయినా తల దించలేదు. వెళ్లి తలుపు తీసింది. పిల్లి తోకెత్తుకుని బయటికి నడిచింది, అరుపు ఆగింది.

"ప్రభూ, మనతో పనుంటేనే పిల్లి అరుస్తుంది, పనైతే ఊరుకుంటుంది. అడిగింది నా ఇల్లే అయితే, తలుపు తీయగానే ఎందుకూరుకుంది?"

"నోర్ముయ్యవే! పిల్లి భాష నీకేం తెలుసు?" అంటూ భట్టు కోపంగా తలుపు మూశాడు. బయట పిల్లి మళ్లీ అందుకుంది.

"ఇప్పుడేమంటోంది భట్టూ?" అన్నాడు రాజు.

మళ్లీ ఇల్లంటే నూకాలు మళ్లీ తలుపు తీస్తుంది. అది భట్టుకు తెలుసు.

"తలుపు... తీయమంటోంది ప్రభూ."

"మరి తీయండి భట్టుగారూ! మా పిల్లికి ఒకరి గుమ్మంలో నిలబడే అలవాటు లేదు," అంది నూకాలు.

సభంతా చూస్తుండగా భట్టే తలుపు తీశాడు. నూకాలు పిల్లిని చంకనెత్తుకుని, రాణిలా తన ఇంటికి నడిచింది.