ఈక పెట్టని తొర్ర

అనగనగా ఎర్రకొండ వెనకాల ఒక ముసలి అడవి. ముసలిదని ఎందుకన్నానంటే, అందులో చెట్లన్నీ మన తాతల తాతల నాటివి. సగం మానులు పుచ్చిపోయాయి. పుచ్చిన మాను మనకైతే పొయ్యిలోకే పనికొస్తుంది. వడ్రంగిపిట్టకు మాత్రం అదే పొలం, అదే ఇల్లు.

ఆ అడవిలో ఉలయ్య అనే వడ్రంగిపిట్ట ఉండేవాడు. అతని భార్య చుక్కమ్మ. ఇద్దరూ కలిసి నెల రోజులు ముక్కులు అరిగేలా తొలిచి, ఒక మద్దిమానులో తొర్ర చేసుకున్నారు. ఎంత వాన కొట్టినా లోపల చుక్క పడదు. చుక్కమ్మ గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి. పొద్దున్నే ఉలయ్య టక్ టక్ మని నాలుగు దెబ్బలు వేస్తే బెరడు కింద నుంచి పురుగులు బిలబిలా బయటికొచ్చేవి. ఏ లోటూ లేదు. లోటు లేనివాడు ఊరికే కూర్చుంటాడా? పక్కవాడి వైపు చూస్తాడు.

ఆ పక్కవాడు పోగన్న అనే గిజిగాడు. గడ్డిపోచలతో గూళ్లు అల్లడం అతని విద్య. ఎర్రకొండ అవతల కొత్తగా కాలువ తవ్వారు. కాలువ గట్ల వెంట కొత్త తోపు లేచింది. "ఇక్కడ గూళ్లు అల్లుకోవడానికి బోలెడు చోటుంది, రా" అని చుట్టాలు కబురు పెడితే పోగన్న నిరుడు వెళ్లాడు. ఈ ఏడు తొలకరికి పాత అడవిని ఒకసారి చూసిపోదామని వచ్చాడు.

ఏ రంగులో వచ్చాడనుకున్నారు! నెత్తిన పసుపు, రొమ్మున పసుపు, అచ్చం పెళ్లికొడుకే. నిజానికి వానాకాలం వస్తే మగ గిజిగాడికి ఆ పసుపు ఎక్కడున్నా వస్తుంది. ఈ అడవిలో ఉన్నన్నాళ్లూ ఏటా వచ్చేది. కానీ ఉలయ్య కళ్లకు అది కొత్త తోపు పెట్టిన సొమ్ములా కనబడింది. కడుపులో చిన్న నిప్పురవ్వ పడింది.

పక్షులన్నీ చుట్టూ మూగాయి. పోగన్న గొంతు సవరించుకున్నాడు.

"ఏం చెప్పమంటారు! అక్కడ చెట్లే చెట్లు! నిన్న లేని చోట ఇవాళ చెట్టు. నావి అప్పుడే మూడు గూళ్లు వేలాడుతున్నాయి."

"మూడే!" అని నోళ్లు తెరిచాయి పక్షులు.

ఉలయ్య నోరు తెరవలేదు. లోపలి రవ్వ మంటయింది. "పోచలు మెలేసేవాడికి మూడిళ్లా! మానును తొలిచేవాణ్ని, నాకు ఒక్కటా!" అనుకున్నాడు.

ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథే ఉండేది కాదు. "ఆ చెట్ల మాను ఎంత లావు?" అని. ఏ చెట్టు పేరు చెప్పినా వడ్రంగిపిట్ట ముందు అడిగేది అదే. ఉలయ్యకూ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ అడిగితే పోగన్నను పెద్ద చేసినట్టవుతుందని మింగేశాడు.

సాయంత్రం తొర్రలోకి రాగానే అన్నాడు, "చుక్కా, రేపే ప్రయాణం. కొత్త తోపుకి పోతున్నాం."

"అక్కడ మనకేం పనుందంట?" అంది చుక్కమ్మ.

"చెట్లున్న చోట వడ్రంగికి పని లేకపోవడమేంటే? పెరిగే చోటది. వెళ్లి దిగితే చాలు, పనే మనల్ని వెతుక్కుంటూ వస్తుంది."

"పోగన్నకు చుట్టాలు కబురు పెట్టారు. మనకెవరు పెట్టారయ్యా? పోనీ, ముందు నువ్వెళ్లి చూసి రా. నేనిక్కడే ఉంటాను. గుడ్లు పెట్టే వేళ."

"ఒంటరిగా వెళ్లి తొంగి చూసొస్తే వాడేమనుకుంటాడు? జంకాననుకోడూ! సంసారంతో దిగాలి. వాడి కళ్లు కుట్టాలి."

తెల్లారి బయల్దేరారు. ఆ అడవిలో ఒక ఆచారం ఉంది. ఏ పిట్టయినా కొన్నాళ్లు పొరుగుకు వెళ్తుంటే, తన ఈక ఒకటి తొర్ర అంచున గుచ్చిపోతుంది. ఈక ఉన్నంతకాలం ఆ తొర్రలోకి ఎవరూ తొంగి కూడా చూడరు. ఈక లేదంటే వదిలేసినట్టే. వచ్చినవాళ్లు ఉండొచ్చు.

చుక్కమ్మ తన రెక్కలోంచి ఒక ఈక తీసి గుచ్చింది. పోగన్న ఎదురు కొమ్మ మీద కూర్చుని చూస్తున్నాడు. ఉలయ్యకు ఒళ్లు మండింది. ఈక పీకి కింద పారేశాడు.

"మళ్లీ వచ్చేవాడు పెడతాడు ఈక! మనకెందుకు?" అని పోగన్నకు వినబడేలా అన్నాడు.

చుక్కమ్మ ఆ ఈక నేల మీద పడేదాకా చూసింది.

కొండ దాటేసరికి మధ్యాహ్నమైంది. కొత్త తోపు పచ్చగా కళకళలాడుతోంది. ఉలయ్య గర్వంగా ఒక వేపను పట్టుకుని ముక్కెత్తి కొట్టబోయాడు. చిటికెన వేలంత కాండం. ఇటు వాలితే ఇటు ఒరిగింది, అటు వాలితే అటు ఒరిగింది. దెబ్బ గాలికి తగిలింది.

"ఇది పిల్లది. లావుది చూద్దాం పద," అన్నాడు.

రెండోది నిజంగానే లావుగా ఉంది. నున్నగా, నిగనిగలాడుతూ ఉంది. ఉలయ్య బలంగా ఒక్కటిచ్చాడు. కసుక్కున ముక్కు మొదలంటా దిగిపోయింది. అది అరటి బోదె. చివ్వున నీళ్లు మొహాన కొట్టాయి. ముక్కు పీక్కోవడానికే గంట పట్టింది. జిగురు మాత్రం వదల్లేదు.

మూడోసారికి దొరికింది అసలైన మాను. నిటారుగా, గట్టిగా, ఒక్క కొమ్మైనా లేకుండా నిలబడి ఉంది. "అదిగో, ఎండుమాను!" అని ఎగిరి వెళ్లి, పోగన్న మీద కసి అంతా కూడదీసుకుని కొట్టాడు.

అది కరెంటు వాళ్లు పాతిన సిమెంటు స్తంభం. ఠంగుమంది. ఉలయ్యకు పగలే చుక్కలు కనిపించాయి. ముక్కు కొస విరిగి కింద పడింది.

కాలువలో చేపల కోసం నిలబడ్డ ముసలి కొంగ ఇదంతా చూసింది.

"ఏం నాయనా, పని ఉండి వచ్చావా? పని దొరుకుతుందని వచ్చావా?" అని అడిగింది.

"ఇక్కడ చెట్లున్నాయన్నారు," అన్నాడు ఉలయ్య ముక్కు పట్టుకుని.

"వీటిని చెట్లన్నదెవరు? మొక్కలు. గిజిగాళ్లకు బంగారంలాంటి చోటిది. వాళ్లకు సన్న కొమ్మా, కింద నీళ్లూ ఉంటే చాలు. నీకు పుచ్చుమాను కావాలి. ఇవి ముదిరి, పుచ్చేసరికి నీ మనవళ్లు పుడతారు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టుంది నీ పని!"

అదే మాట ఇంకెప్పుడైనా అయితే ఉలయ్య పోట్లాడేవాడే. ఇప్పుడు పోట్లాడ్డానికి ముక్కు లేదు.

సాయంత్రానికి వాన దిగింది. పోగన్న చుట్టాలు మంచివాళ్లే, "లోపలికి రండి" అన్నారు. ఆ సన్నటి గూటి దారిలో ఉలయ్యకు తల కూడా పట్టలేదు. వాళ్ల గూళ్లు హాయిగా ఊగుతుంటే, మొగుడూ పెళ్లాం అరటాకు కింద తడిసి ముద్దయ్యారు. మూడు రోజులు అలాగే గడిచింది. పురుగు లేదు, తొర్ర లేదు. మూడో రోజు చుక్కమ్మకు ఇక ఆగలేదు. పట్టుకోవడానికి గూడు లేక తొలి గుడ్డు గట్టు మీద నుంచి జారి కాలువలో పడిపోయింది.

చుక్కమ్మ ఏడవలేదు. "ఇంటికి పోదాం," అంది అంతే.

వచ్చి చూస్తే మద్దిమాను తొర్రలో గోరింకల జంట కాపురం పెట్టింది. అప్పటికే రెండు గుడ్లు.

"ఇది మా ఇల్లు!" అన్నాడు ఉలయ్య.

"ఈక ఉంటే మేమెందుకు వస్తాం అన్నా? ఒక పొద్దంతా చూశాం. ఈక కింద పడి ఉంది," అంది గోరింక మెత్తగా.

ఉలయ్య కిందికి దిగాడు. మాను కింద బురదలో చుక్కమ్మ ఈక తడిసి అంటుకుపోయి ఉంది. దాన్ని ఏరి, తుడిచి, రెక్క కింద దాచుకున్నాడు. అప్పుడు మొదటిసారి సిగ్గుపడ్డాడు.

విరిగిన ముక్కు పెరిగేదాకా కొత్త తొర్ర చుక్కమ్మ ఒక్కతే తొలిచింది. ఆ ఏడు వాళ్లకు పిల్లలు లేరు.

మళ్లీ తొలకరి వచ్చింది. మళ్లీ పసుపు పూసుకున్నట్టు పోగన్న వచ్చాడు. "ఈసారి నావి ఐదు గూళ్లు!" అన్నాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఉలయ్య కడుపు మళ్లీ మండింది. అసూయ ఒక్క దెబ్బకు చచ్చే పురుగు కాదు. కానీ ఈసారి మాట మింగలేదు.

"మాను ఎంత లావు, పోగన్నా?"

పోగన్న కాస్త తడబడ్డాడు. "నిజం చెప్పాలంటే... నీ మెడంత ఉంటుందేమో అన్నా."

"ఆ మాట నిరుడే చెప్పలేదేం?"

"నువ్వు అడగలేదుగా! అందరూ నోళ్లు తెరిచి వింటుంటే మొక్కలని ఎలా చెప్పను? చెట్లనేశాను." పోగన్న తల దించుకున్నాడు. "నీకు తెలీదు కానీ, నీ తొర్రంటే నాకెప్పుడూ కుళ్లే. నా గూడు గట్టి గాలికి పోతుంది. ఏటా మళ్లీ అల్లాలి. సర్లే, మా మానులు ముదిరాక నేనే కబురు పెడతాను. వస్తావా?"

ఉలయ్య చుక్కమ్మ వైపు చూశాడు. కొత్త తొర్ర లోపల మూడు పిల్లలు కిచకిచమంటున్నాయి. రెక్క కింద నుంచి ఆ పాత ఈక బయటికి తీశాడు.

"వస్తాను. ముందు ఒక్కణ్నే వచ్చి చూస్తాను," అన్నాడు. "ఇది ఇక్కడ గుచ్చి మరీ వస్తాను."

నీతి: పెరిగే చోటికి పోవడం తప్పు కాదు, పక్కవాడి మీద కుళ్లుతో పోవడం తప్పు. నీ పనికి అక్కడ చోటుందో లేదో అడిగి, తిరిగొచ్చే దారి ఉంచుకుని బయల్దేరు.