పొడికాళ్ల ఇస్సాకు

అనగా అనగా, గోదారి తనకు నచ్చిన దారిన పోతున్న రోజుల్లో, రెండు పాయల మధ్య ఒక లంక ఉండేది. ఆ లంకలో ఇస్సాకు కొబ్బరిపీచుతో తాళ్లు పేనుకుంటూ బతికేవాడు.

లంకవాళ్లు ఏసుప్రభువును నమ్ముకున్నవాళ్లు. చదువొచ్చినవాడు గుడిలో వాక్యం చెప్పే అయ్యగారు ఒక్కడే. అందుకని ఏటా మంచి శుక్రవారానికి ముందురోజు సాయంత్రం గుడి ముందర ప్రభువు కథను నాటకం కట్టేవాళ్లు. ఆయన సంగతే ఎరగని అవతలి గట్టు జనం పడవల్లో వచ్చి చూసేవాళ్లు. ప్రభువు వేషానికి దండాలు, మరియమ్మ వేషానికి చీరలు! వేషం వేరు, మనిషి వేరు అని ఒక్కరికీ తోచలేదు మరి.

అక్కడే వచ్చింది చిక్కు. శిష్యుడై ఉండీ ప్రభువును శత్రువులకు పట్టిచ్చి, ఆనక ఉరేసుకున్న యూదా వేషం ఎవరు కడతారు?

పడవవాణ్ని అడిగారు. "రేపట్నించి నా పడవ ఎవడెక్కుతాడండీ?" అన్నాడు. వంటవాణ్ని అడిగారు. "నా చేతి కూడు ఎవడు తింటాడండీ?" అన్నాడు. కమ్మరిని అడిగారు. "పెళ్లికెదిగిన పిల్లుందండీ బాబూ!" అని పారిపోయాడు.

"పోనీ నేను కడతానండి," అన్నాడు ఇస్సాకు. "యూదా లేకపోతే కథ సగంలో ఆగిపోద్ది. ప్రభువు చచ్చి తిరిగి లేచిన సంగతి అవతలి గట్టోళ్లకి ఎలా తెలుత్తాది?"

"ఉరేసుకోడానికి తాడు కూడా నీదేగా, ఇంకేం లోటు!" అని నవ్వారు జనం.

మొదటి ఏడు నాటకం మొదలైంది. సంఘపెద్ద కొడుకు గాబ్రియేలుది ప్రభువు వేషం. ప్రభువు ఆఖరి రాత్రి చేసినట్టే నడుముకు తువ్వాలు చుట్టుకుని, పళ్లెంలో నీళ్లు పోసుకుని, శిష్యుల కాళ్లు వరసగా కడుగుతూ వచ్చాడు. యూదా దగ్గర మొహం తిప్పుకున్నాడు. పళ్లెం ముందుకు జరిగింది. ఇస్సాకు కాళ్లు పొడిగానే ఉన్నాయి. జనం ఈలలు వేశారు.

మర్నాటి నుంచి పిల్లలు "యూదా! యూదా!" అని వెంటబడ్డారు. నూతి దగ్గర ఆడవాళ్లు అతని భార్య రూతమ్మను చూసి బిందెలు పక్కకు జరుపుకున్నారు. ఇస్సాకుకు ఇక కాలు నిలవలేదు. తింటూ తింటూ లేచిపోయేవాడు. కాలు కాలిన పిల్లిలా గట్టంతా తిరిగేవాడు. అతని భయమల్లా ఒకటే. రేపు నిజంగా ప్రభువు కూడా తనను దాటేసి పోతే?

రెండో ఏడు వచ్చింది. "ఈసారి వద్దయ్యా, నా మాటిను," అంది రూతమ్మ.

"మరి కథో?" అన్నాడు.

పళ్లెం ముందుకు జరిగింది. ఇస్సాకు కాళ్లు పొడిగానే ఉన్నాయి. ఆ ఏడు తిరగడం ఇంకా ఎక్కువైంది.

మూడో ఏడు వచ్చింది. పళ్లెం ముందుకు జరగబోయింది. ఇస్సాకు రెండు చేతులా దాని అంచు పట్టుకున్నాడు.

"ఆగు గాబ్రియేలూ. అయ్యగారండీ, ఆవేళ ప్రభువు యూదా కాళ్లు కడిగాడాండీ, కడగలేదాండీ? నాకు కంటి మీద కునుకు లేదండి. కడగలేదని చెప్పండి, లేచి ఎల్లిపోతాను."

"లేవరా! నాటకం చెడగొట్టకు!" అని జనం అరిచారు.

అయ్యగారు లేచి నిలబడ్డాడు. "కడిగాడు ఇస్సాకూ. అందరితో పాటే కడిగాడు. పట్టిస్తాడని తెలిసే కడిగాడు."

గాబ్రియేలు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ పొడికాళ్ల మీద నీళ్లు పోశాడు. ఇస్సాకు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. అవతలి గట్టు నుంచి వచ్చిన ఒక ముసలమ్మ జనంలోంచి ముందుకొచ్చింది. "అలాంటోడికే కడిగాడా? అయితే నాక్కూడా కడుగుతాడన్నమాట!" అంది. ఆ పొద్దు ఆవిడ తిరుగు పడవ ఎక్కలేదు.

ఇస్సాకు పోయి ఎన్ని తరాలైందో గోదారికే తెలియాలి. ఇప్పటికీ ఆ లంకలో నాటకానికి ముందు యూదా వేషగాణ్ని పీట మీద కూర్చోబెట్టి ఊరు ఊరంతా కాళ్లు కడుగుతుంది. ఆ వేషం కోసం అన్నదమ్ములు కూడా పోట్లాడుకుంటారు. పెళ్లి బంతిలో వడ్డించేవాడు ఎవరినైనా దాటేసి పోయాడా, ముసలమ్మలు ఊరుకోరు.

"ఒరేయ్, ఇస్సాకు కాళ్లు ఇంకా తడవలేదురా!" అని కేకేస్తారు. గరిటె పట్టుకున్నవాడు ఎంతటివాడైనా సరే, వెనక్కి రావలసిందే.