ఎండుచేపల కాపలా

పరదేశిస్వామికి ఒక అలవాటుండేది. ఎవరైనా గట్టి ప్రశ్న వేస్తే జవాబు చెప్పకుండా ఏదో ఒక పని పురమాయించేవాడు. పని ముగించుకుని వచ్చేసరికి చాలామందికి ప్రశ్నే గుర్తుండేది కాదు. నాంచారయ్య సంగతి వేరు. అతను పన్నెండేళ్ళుగా ఒకే ప్రశ్నను కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాడు.

ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న ఆ చిన్న ఆశ్రమంలో వంట అతనిదే. మూడేళ్ళ క్రితం వచ్చిన భద్రయ్యకు మొన్న ఏకాదశినాడు స్వామి కావిబట్ట ఇచ్చాడు. అప్పట్నుంచి వచ్చేపోయేవాళ్ళంతా భద్రయ్య కాళ్ళకు మొక్కుతున్నారు, నాంచారయ్యను మాత్రం "చారు ఇంకాస్త పొయ్యవయ్యా" అంటున్నారు. అన్నేళ్ళు చారు పోసినవాడికి మూరెడు కావిగుడ్డ దొరక్కపోవడం అన్యాయమే, కాదనేవాళ్ళెవరు? పొగకు కళ్ళు మండి, బిందెలు మోసి మోకాళ్ళు అరిగి, అతను నిజంగానే అలిసిపోయాడు.

ఆ ఉదయం బట్టలు మూటగట్టుకుని స్వామి ముందు నిలబడ్డాడు.

"నాలో ఏమన్నా మార్పు వచ్చిందా స్వామీ? రాకపోతే ఆ మాటే చెప్పండి. సాయంత్రం పడవకి మా ఊరెళ్ళిపోతాను."

స్వామి మూట వంక చూశాడు. "పడవకి ఇంకా చాలా పొద్దుంది. రేవులో చేపలమ్మే నూకరత్నం మందుకని ఏరు దాటి వెళుతోందట. ఒడ్డున చేపలు ఎండబోసింది. వచ్చేదాకా గద్దలు వాలకుండా చూడు."

ఇదొకటే తక్కువైంది అనుకుంటూ నాంచారయ్య ముక్కుకు తుండుగుడ్డ అడ్డం పెట్టుకుని ఇసుకలో కూర్చున్నాడు. ఎండ నెత్తికెక్కింది. గద్ద వాలబోయినప్పుడల్లా మట్టిబెడ్డ విసిరాడు. చెయ్యి పీకింది. ఇంతలో తెల్లని తల, కావిరంగు రెక్కలతో ఒక పక్షి కిందికి దిగింది. గరుడపక్షి! చేతిలో బెడ్డ జారవిడిచి, కళ్ళు మూసుకుని దండం పెట్టాడు, చెంపలేసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఒక చేప లేదు. దేవుడి వాహనం తింటే తిననీ అనుకున్నాడు.

దాని వెనకే మట్టిరంగు పక్షి ఒకటి వచ్చింది. పన్నెండేళ్ళ కోపమంతా చేతిలోకి వచ్చినట్టుంది, విసిరిన బెడ్డ గురి తప్పలేదు. ఆ పక్షి ఒరిగి, నీళ్ళదాకా జారి, ఎలాగో మళ్ళీ పైకి లేచింది.

"అయ్యో, గరుడపక్షి పిల్లని కొట్టేసారేటండీ!" అంది అప్పుడే పడవ దిగి వస్తున్న నూకరత్నం.

"గరుడపక్షేమిటి? మట్టిగద్ద అది."

"తోక సూడండి అయ్యగారూ. గెద్ద తోకకి మజ్జిలో సీలిక ఉంటాది. దీనిది ఇసనకర్రలాగ గుండ్రంగా లేదూ? పడవలోంచి సూసినాను, ఇందాకొచ్చింది దీని తల్లో, తండ్రో అయ్యుంటాది. రంగొచ్చేదాకా దీనికి ఈ దెబ్బలు తప్పవు."

"రంగు ఎప్పుడొస్తుంది?"

"ఏళ్ళు పడతాదండి. దానికేం తెల్సు? దాని సేప అది సూసుకుంటాది."

నాంచారయ్య తలెత్తి చూశాడు. గాలి ఎదురుగా కొడుతోంది. ఆ పిల్లపక్షి తోక విప్పి, ఏరు మీద ఒక్క మలుపు తిరిగి, గాలిని వెంటేసుకుని వెళ్ళిపోయింది. అతనికి సిగ్గేసింది. దండం పెట్టిందీ, బెడ్డ విసిరిందీ ఈ చేతులే కదా. ఈసారి చెంపలు గట్టిగానే వేసుకున్నాడు.

పొద్దు వాలేసరికి ఆశ్రమానికి వచ్చి, ఏదీ దాచకుండా అంతా చెప్పాడు. స్వామి గోడకు చేరగిలబడి విన్నాడు. ఆయనా అలిసే ఉన్నాడు.

"దెబ్బ బాగా తగిలిందా?"

"రెక్కకి తగిలింది స్వామీ. ఎగిరిందిలెండి." తన చేతుల వంక చూసుకుంటూ, "రంగు లేదని కొట్టాను," అన్నాడు నాంచారయ్య.

"రంగన్నది చూసేవాళ్ళకోసం నాయనా. మలుపు తిరగడానికి దానికున్నది తోకే."

రేవులోంచి పడవవాడు కేకేశాడు. కాసేపటికి రెండో కేక కూడా వినబడింది. నాంచారయ్య మూట చేతపట్టుకుని లేచాడు గాని, కాలు కదపలేదు.

స్వామి కళ్ళు మూసుకున్నాడు. "పడవ అటుంది, పొయ్యి ఇటుంది. తిరుగు మరి."