సిద్ధవ్వ బీడు

ఏ కాలమో తెలియదు. ఏ రాజు ఏలాడో తెలియదు. వేళ ఒక్కటే చెప్పుకుంటారు. పొద్దు బారెడెక్కింది. సిద్ధవ్వ గట్టున కూర్చుని కొడవలి నూరుకుంటోంది.

సిద్ధవ్వ గడ్డి కోసి బతికేది. చుట్టూ జొన్నచేలు, కందిచేలు. నడుమ ఆ బీడొక్కటే దున్నని నేల. ఊళ్లో అందరికంటే ఆలస్యంగా కోసేది. పూలెండి, గింజ రాలాకే కొడవలి వేసేది.

ఆమెకు ముగ్గురు పుట్టారు. ముగ్గురూ పసితనంలోనే పోయారు. ఊళ్లో పోయిన పసివాళ్లను ఆ బీట్లోనే పూడ్చేవారు. రాయి పెట్టేవారు కాదు. పెద్దదాని మీద గునుగు పూసింది. నడిపివాడి మీద తుమ్మి పూసింది. చిన్నదాని మీద కట్లపూలు పూశాయి. గింజ రాలితేనే మరుసటేడు అక్కడే పూస్తాయి. ఆమెకు వేరే గుర్తు లేదు.

ఒక ఏడు, ఆమె అలా కొడవలి నూరుకుంటున్న వేళ, పటేలు అనంతయ్య నాగలితో వచ్చాడు. వానలు వెనకబట్టాక యాసంగి పంటకు శనగ వేస్తానన్నాడు.

“గింజ రాలనియ్యి పటేలా. నా బిడ్డలున్నరు.”

“గింజ రాలేసరికి నేలల తడి పదును పోతదవ్వా,” అన్నాడు పటేలు. అయినా ఆ ఏటికి ఎడ్లను తిప్పుకున్నాడు.

రెండో ఏడు మళ్లీ వచ్చాడు.

“గింజ రాలనియ్యి పటేలా.”

“బీడంత పూలే. ఎన్ని కాన్పులైనయవ్వా నీకు?” పటేలు వెంట వచ్చిన జీతగాళ్లు నవ్వారు.

“నావి మూడే. తక్కినయి ఎవరివో మీ ఇండ్లల్ల ఆడోళ్లనడుగుండ్రి.”

నవ్వు ఆగింది. ఎడ్లు తిరిగాయి. ఇంటికి పోయి ఎవరూ అడగలేదు.

మూడో ఏడు వానాకాలంలో సిద్ధవ్వ పోయింది. గింజ రాలనియ్యమనేవారు లేరు. గునుగు విరగబూసిన రోజుల్లోనే పటేలు నాగలి కట్టాడు. పొద్దుగూకేసరికి సగం దున్నాడు. తెల్లవారి ముసురు పట్టింది. బురదలో నాగలి సాగక ఆపాడు.

మిగిలిన సగాన్ని నేటికీ సిద్ధవ్వ బీడంటారు. గింజ రాలేదాకా అక్కడ కొడవలి వేయరు. కోతకు ముందు ఆడవాళ్లు వెళ్లి, తలా ఒక పువ్వు దగ్గర కాసేపు కూర్చుంటారు. ఎవరి దగ్గర కూర్చున్నావని ఎవరూ అడగరు. కొత్త నేల దున్నబోయేవాడు ముందు తన తల్లిని అడుగుతాడు. దున్నిన సగాన్ని తర్వాత వదిలేసినా, అందులో పిచ్చిగడ్డే మొలిచింది, పూలు పూయలేదు.

ఆ ఏడు పట్టిన ముసురు నాలుగో రోజు విడిచింది. పటేలు నాగలి ఎత్తుతుంటే తల్లి రాజవ్వ గడపకు అడ్డంగా కూర్చుంది. అతనికంటే ముందు ఒక కొడుకు పుట్టి పోయాడని అప్పుడు చెప్పింది. ఎక్కడని అడిగాడు. ఆమె చెయ్యి చాపింది దున్నిన సగం వైపు.